స్వరూప పెట్టిన రెండు గీతలు

కోదాడ బైపాసు పక్కన యుగంధర్ నడిపే దూలాల కార్ఖానాలో ఏ చెక్క ఏ పొరలోకి పోవాలో తేల్చేది స్వరూప. యజమాని కాదు, ఇంజినీరు కాదు, స్వరూపే. నీలం సుద్దతో చెక్క చివర ఆమె రెండు గీతలు గీస్తే అది దూలానికి అడుగు పొరగానో పై పొరగానో పోతుంది. ఒక గీత గీస్తే నడిమి పొరల్లోకి. ఇంటూ పెడితే ఇక దూలంలోకి పోదు. పదో తరగతి తప్పిన ఆడమనిషి మాటకు ఇంత విలువేమిటని మొదట్లో మూతి ముడిచినవాళ్ళున్నారు. మూడేళ్ళయ్యేసరికి వాళ్ళే, ఆమె గీత పడనిదే చెక్క మీద చెయ్యి వేయడం మానేశారు.

అక్కడ చేసే దూలం ఒక్క మానులోంచి కోసింది కాదు. అంగుళన్నర మందం పలకలను పది, ఒకదాని మీద ఒకటి జిగురుతో అంటించి, ప్రెస్సులో బిగించి, రందా పట్టి నునుపు చేసింది. పైన బరువు పడితే దూలం కిందికి వంగబోతుంది. అప్పుడు ఎక్కువగా లాగుడు పడేది అడుగు పొర మీద. అక్కడ అంచుకు ముడి ఉన్న చెక్క పడిందంటే దూలం అక్కడే తెగుతుంది. ఈ సంగతంతా ఆమెకు నేర్పింది గౌరయ్య అనే పాత సామిల్లు మేస్త్రి. చెక్క నడుమ ఉన్న ముడికి భయపడొద్దని, అంచుకు వచ్చిన ముడిని మాత్రం నమ్మొద్దని, చారలు పక్కకు వాలిన చెక్క ఎంత అందంగా ఉన్నా అడుగుకు పనికిరాదని రెండు నెలలు వెంట తిప్పుకొని చెప్పాడు.

తేమ చూడటం మాత్రం ఆమెకు ఎవరూ నేర్పలేదు. అది ఆమె అంతకుముందే నేర్చుకున్న విద్య. స్వరూప పుట్టింది వేములపల్లిలో, మెట్టింది అనంతగిరిలో. రెండు చోట్లా వడ్లే. అనంతగిరిలో మహిళా సంఘం వాళ్ళు నడిపే వడ్ల కొనుగోలు కేంద్రంలో పది సీజన్లు తేమ మిషను పట్టింది. పదిహేడు లోపుంటే పాసు, దాటితే మళ్ళీ ఆరబోసుకోవాలి. ఒకసారి యుగంధర్ మేనమామవే రెండు ట్రాక్టర్ల వడ్లు వచ్చాయి. మిషను పదహారు చూపించింది. స్వరూప ఊరుకోకుండా మోచేతి దాకా కుప్పలోకి చెయ్యి దూర్చి, నడిమి గింజలు పిడికెడు తీసి మళ్ళీ పెట్టింది. ఇరవై ఒకటి. పెద్దమనిషి ముఖం చిన్నబోయింది. పక్కనే నిలబడ్డ యుగంధర్‌కు నవ్వొచ్చింది, దాంతోపాటు ఆలోచనా వచ్చింది. నెల తిరక్కుండానే ఆమెను కార్ఖానాకు పిలిపించుకున్నాడు.

చెక్కకు లెక్క వేరు. అక్కడ పన్నెండు ఉండాలి, పద్నాలుగు దాటితే పక్కకు తీసేయాలి. పచ్చిది ఒక్కటి ఎండిన వాటి మధ్య ఇరుక్కుంటే, తర్వాత అది ఎండుతూ ముడుచుకుపోయి జిగురు ఊడదీసుకుంటుంది. పొర విడిపోయాక ఇక దూలానికి బలమెక్కడిది. ఈ పద్నాలుగును స్వరూప మూడేళ్ళలో ఒక్కసారి కూడా మరిచిపోలేదు.

ఈ యాసంగికి సంఘంలో మనుషులు తక్కువయ్యారు. తేమ చూసే అమ్మాయి కాన్పుకు పోయింది. సంఘం వాళ్ళు స్వరూప ఇంటికొచ్చి కూర్చున్నారు. ఒప్పుకోకపోతే లేచేట్టు లేరు. ఒప్పుకుంది. పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా అనంతగిరిలో వడ్లు, పన్నెండు నుంచి కోదాడలో చెక్కలు. యుగంధర్ కూడా సరేనన్నాడు. భర్త భాస్కర్ వరికోత మిషను మీద ఊళ్ళు పట్టుకొని తిరుగుతున్నాడు గనుక ఇంట్లో అడిగేవాళ్ళు లేరు. రెండు చోట్లా తనే కావాలంటుంటే ఆమెకు లోలోపల గర్వంగానే ఉండింది. అబద్ధమెందుకు, అలసట కంటే గర్వమే ఎక్కువ ఉండింది.

ఆ గురువారం పొద్దున కేంద్రంలో ఈదమ్మ వంతు వచ్చింది. ఎకరన్నర కౌలు చేసే ముసలామె. నాలుగు రోజులుగా కుప్ప దగ్గరే పడుకుంటోంది. స్వరూప గింజలు తీసి మిషనులో పోసింది. పదహారు పాయింటు ఎనిమిది. "పాస్" అంది, కాంటా వేసేవాళ్ళకు గుర్తుగా పక్కనున్న బస్తా మీద సుద్దతో గీత గీసింది.

గీసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పదహారు పాయింటు ఎనిమిది, పాస్. ఈ అంకె, ఈ మాట, ఈ గీత ఆమెకు ఇంకెక్కడో గుర్తొస్తున్నాయి. ఇక్కడ కాదు. పైన రేకుల కప్పు, పక్కన రందా మిషను మోత, చేతి కింద వడ్లు కాదు, చెక్క. పోయిన వారం కాదు, అంతకు ముందు మంగళవారం. మిర్యాలగూడ నుంచి చెక్కల లారీ ఆలస్యంగా వచ్చిన రోజు. కేంద్రంలో నూట ఇరవై కుప్పలు చూసి, అన్నం కూడా తినకుండా ఆటో ఎక్కి వచ్చిన రోజు. ప్రెస్సు దగ్గర జోసెఫ్ జిగురు కలిపి ఎదురుచూస్తుంటే, రెండు సూదులున్న మిషను చెక్కకు గుచ్చడం, అంకె చూడటం, పాస్ అనడం, గీత గీయడం. పదహారు, పదహారున్నర, పదిహేడు. అన్నీ పాసే. నోరు అలవాటు పడ్డ అంకెకు అలవాటు పడ్డ మాట అనేసింది.

ఈదమ్మ భయపడి, ఏమైంది బిడ్డా, నా వడ్లు పాసు కాలేదా అని అడిగింది. నీ వడ్లకేం కాలేదని చెప్పి స్వరూప మిషను పక్కామె చేతిలో పెట్టింది. ఆ మంగళవారం గీసిన చెక్కలతో చేసినవి ఆరు దూలాలు. సూర్యాపేట అవతల రాజమ్మ టీచర్ నడిపే బడికి భోజనశాల కడుతున్నారు. దాని కప్పు కోసం. దాని కింద మూడొందల మంది పిల్లలు కూర్చొని అన్నం తింటారు. ఆ దూలాలు ఈ రోజే లారీ ఎక్కుతున్నాయి.

ఆటోలో కోదాడ దాకా ఆమె చేసిన పని ఒక్కటే, తనకు తాను సర్దిచెప్పుకోవడం. నిజంగా అన్నానా, అలసి ఉండి ఇప్పుడు అలా అనిపిస్తోందా? ఒకవేళ అన్నా, ఎన్ని చెక్కలకు? ఎవరికి తెలుసు? రందా పట్టినప్పుడే గీతలు చెరిగిపోయాయి. తను నోరు విప్పకపోతే తెలిసే దారే లేదు. ఈ చివరి మాట దగ్గరికి వచ్చేసరికి ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

కార్ఖానా గేటు దగ్గరే లారీ కనపడింది. మూడు దూలాలు అప్పటికే పైకెక్కాయి. నాలుగో దానికి జోసెఫ్ బెల్టు చుడుతున్నాడు. అతనిది జగ్గయ్యపేట వైపు, ప్రెస్సు మేస్త్రి, ఆమె కంటే రెండేళ్ళు చిన్న. స్వరూప నేరుగా పోయి బెల్టు పట్టుకుంది.

"దించు జోసెఫ్. అన్నీ దించు."

"ఏమైందక్కా? సూర్యాపేటలో క్రేన్ వచ్చి నిలబడుంది."

ఆమె చెప్పింది. చెప్తుంటే జోసెఫ్ ముఖం తెల్లబోయింది. బెల్టు వదిలేసి ఆఫీసు గది వైపు చూశాడు.

యుగంధర్ ఫోను చెవికి పెట్టుకునే బయటికొచ్చాడు. తాతల నాటి నుంచి భూములున్న ఇల్లు, తండ్రి మిర్యాలగూడలో రైసుమిల్లు పెడితే, ఇతను దానికి తోడుగా ఈ దూలాలు మొదలుపెట్టాడు. చెక్కలు ఆరేది కూడా ఆ మిల్లులోనే. వడ్లు ఉడకబెట్టే బాయిలరు ఆవిరితోనే చెక్కల గది వేడెక్కుతుంది. చెడ్డవాడు కాదు, కానీ తన పని ఆగితే మనిషి మనిషిలా ఉండడు. స్వరూప మాట విని ముందు నవ్వాడు. నువ్వా, పొరపాటా అన్నాడు. ఆమె మళ్ళీ చెప్పింది. నవ్వు పోయింది.

ఎక్కినవి దింపించి, మిషను తెచ్చి గుచ్చి చూడమన్నాడు. రంగు పూసిన దూలాల మీద సూది గాట్లు పడతాయి, పడనీ అన్నాడు. ఆరు దూలాలు, అరవై పొరలు. స్వరూప మోకాళ్ళ మీద కూర్చొని ఒక్కో పొరకు మూడు చోట్ల గుచ్చుతూ పోయింది. ఏప్రిల్ ఎండ రేకుల మీద మండుతోంది. పన్నెండు. పదకొండున్నర. పన్నెండు. లారీ డ్రైవరు హారను కొట్టాడు, జోసెఫ్ చెయ్యెత్తి ఆపమన్నాడు. పదమూడు. పన్నెండు. ఒక్కో అంకె వస్తుంటే ఆమె గుండె తేలికవుతూ వచ్చింది. అరవై పొరలు అయిపోయాయి. పదమూడు దాటింది ఒక్కటీ లేదు.

యుగంధర్ గట్టిగా ఊపిరి వదిలాడు. "సూసినవా? ఉత్తగ పరేషాన్ అయినవ్. ఎక్కియ్యండి."

ఆమెకూ ఒక్క నిమిషం అలాగే అనుకోవాలనిపించింది. లేచి నిలబడి మోకాళ్ళకు అంటిన పొట్టు దులుపుకుంది. మిషను చెప్పింది, యజమాని చెప్పాడు, ఇక తనదేముంది? అంతలో మేనమామ గారి వడ్ల కుప్ప కళ్ళ ముందు కదిలింది. పైన గింజలు ఎండి గలగలలాడుతున్నాయి. నడుమ గింజలు చేతికి అంటుకుంటున్నాయి.

"ఎక్కియ్యొద్దు సార్" అంది. "ఈ సూదులు గోరంత లోపలికి గూడ పోవు. పది రోజులసంది ఎండలు మండుతున్నయి, మీది మీద ఆరిపోతది. లోపల ఏమున్నదో ఈ మిషన్‌కు తెల్వది. కోసి సూడాలె."

దూలాలను రెండు చివర్లా నాలుగేసి అంగుళాలు పొడవు ఉంచి పంపుతారు, కట్టే చోట కొలత చూసి కోసుకోవడానికి. తేమ చివర్లనుంచి పోకుండా అక్కడ మైనం కూడా పూస్తారు. ఇక ఒక్కో పొరా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే చెక్క. చివర కోసి నడిమికి సూది గుచ్చితే మొత్తం తెలుస్తుంది. కాకపోతే కోశాక పొడవు మిగలదు. రేపు స్తంభం అర అంగుళం అటుగా ఉంటే ఆరు దూలాలూ దండగ. యుగంధర్‌కు ఆ లెక్క క్షణంలో తట్టింది. ఆమెకూ తట్టింది.

యుగంధర్ ఆమెను కాక దూలాలను చూస్తూ, ఎవరూ అడగకుండానే మెల్లగా ఒక మాట అన్నాడు.

"ఆ చెక్కల లోడ్ వేడి గదిలకెల్లి రెండు దినాలు ముందే తీయించిన. మిల్లుల వడ్లు కుప్పలు పడ్డయి, ఆవిరి అటు మలిపిన. నువ్వెట్లయినా పట్టుకుంటవ్, పచ్చివి పక్కకు తీస్తవ్ అనుకున్న."

ఈయన తన మీద నమ్మకంతో పచ్చి చెక్క పంపాడు. తను తన చెయ్యి మీద నమ్మకంతో అంకె చూసీ చూడకుండా పాస్ అంది. ఇద్దరికీ కోపం రావాల్సింది ఎవరి మీదో ఇద్దరికీ తెలియలేదు.

"కొయ్యి" అన్నాడు యుగంధర్, జోసెఫ్‌తో.

మొదటి దూలం. రంపం ఆగాక స్వరూప సూదులు పొర నడుమ గుచ్చింది. పన్నెండు, పన్నెండు, పదమూడు, పది పొరలూ బాగానే ఉన్నాయి. రెండోదీ అంతే. మూడో దూలంలో, పై నుంచి ఆరో పొర దగ్గర అంకె పదిహేను దాటింది. ఏడో పొర, పదహారు. జోసెఫ్ నోటి నుంచి ప్రభువా అన్న మాట చిన్నగా వచ్చింది. నాలుగోది శుభ్రం. అయిదోది కోసినప్పుడు మిషను అక్కర్లేకపోయింది. అడుగు పొరకు, దాని పైపొరకు మధ్య వెంట్రుకంత సందు కళ్ళకే కనపడుతోంది. జోసెఫ్ జేబులోంచి కాగితం తీసి దూర్చాడు. కాగితం వేలెడు లోపలికి పోయింది. స్వరూప అడుగు పొరకు సూది గుచ్చింది. పదహారున్నర. ఒక్క ముడి లేని, చారలు దారం పట్టినట్టున్న చెక్క. రెండు గీతలు గీసింది తనే అయ్యుంటుంది. అంత అందమైన చెక్కకు రెండు గీతలు కాక ఏం గీస్తుంది!

ఆరోది కూడా శుభ్రంగానే ఉందని తేలాక ఆమె నీడలోకి పోయి, గోడ వైపు తిరిగి ఏడ్చింది. పిల్లలు తప్పించుకున్నారని కాదు, ఆ మాటంటే అబద్ధమవుతుంది. మూడేళ్ళు తప్పు లేదన్న పేరు పోయిందని ఏడ్చింది. ఆ తర్వాతే పిల్లలు గుర్తొచ్చారు, అప్పుడు ఇంకా ఎక్కువ ఏడ్చింది.

యుగంధర్ రాజమ్మ టీచర్‌కు ఫోను చేశాడు. ఆమె సర్కారు బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. ఆమెతో మాట్లాడేటప్పుడు యుగంధర్ కూడా కాస్త చేతులు కట్టుకున్నట్టే మాట్లాడతాడు. అందరికీ వినపడేట్టు స్పీకరు పెట్టాడు. నాలుగు దూలాలే వస్తున్నాయని, రెండింట్లో పచ్చి చెక్క పడిందని, తప్పు తనదేనని, తొందరపడి ముందే తీయించానని చెప్పాడు. స్వరూప పేరు ఎత్తలేదు. ఇరవై రోజుల్లో ఆ రెండూ మళ్ళీ చేసి ఇస్తానన్నాడు.

స్వరూప పక్కనే నిలబడి విన్నది. ఆమెను కాపాడుతున్నాడని అర్థమైంది. ఆ మాట అక్కడితో అయిపోతే ఎంత హాయి. కానీ ఆయన తప్పు ఆయన చెప్పుకొన్నాక, తన తప్పు ఆయన వెనక దాక్కుంటే రేపు సుద్ద ఏ చేత్తో పట్టుకుంటుంది? ఫోను దగ్గరికి వంగింది.

"మేడమ్, పచ్చివాటికి పాస్ పెట్టింది నేను. నా పేరు స్వరూప. సూసే పని నాదే."

అవతల టీచర్ గొంతు, కోపం లేకుండా, పరీక్ష పేపరు దిద్దేటప్పటి గొంతు.

"మరి ఆ నాలుగింటికి పాస్ పెట్టింది ఎవరమ్మా?"

"అవీ నేనే."

జోసెఫ్ తల వంచుకున్నాడు. యుగంధర్ నోరు తెరవబోతే స్వరూప చేత్తో వద్దంది. ఆ నాలుగూ కోసి చూసిందీ తనేనని చెప్పొచ్చు. చెప్పలేదు, చెప్తే సాకులా ఉంటుందని.

"నాలుగు దూలాలతో పాటు నువ్వు గూడ రా బిడ్డా" అంది టీచర్. "రేపు మధ్యాహ్నం అవి ఎక్కుతయి. ఎక్కినంక వాటి కింద కూసొని నువ్వు అన్నం తిను. నువ్వు తింటే మా పిల్లలు తింటరు. లేకుంటే ఆ నాలుగు గూడ మాకొద్దు."

ఫోను పెట్టేసింది. యుగంధర్, ఇష్టం లేకపోతే పోవద్దని, తను ఏదో సర్దిచెప్తానని అన్నాడు. స్వరూప పోతానంది.

మర్నాడు పొద్దున వడ్ల కేంద్రానికి పోలేదు. ఇకమీద రానని సంఘం వాళ్ళకు కబురు పెట్టింది. వాళ్ళు నొచ్చుకున్నారు. పదకొండుకల్లా లారీ సూర్యాపేట దాటింది. క్రేను ఒక్కో దూలాన్ని లేపి స్తంభాల మీద కూర్చోబెట్టింది. కోసిన పొడవు సరిగ్గా సరిపోయింది, ఒక్క చోట మాత్రం ఇనుప బిళ్ళ ఒకటి అడుగున పెట్టాల్సి వచ్చింది. బోల్టులు బిగించాక రాజమ్మ టీచర్ ఊరుకోలేదు. ఇసుక బస్తాలు పైకి ఎక్కించి, ఒక్కో దూలం మీద ఇరవై చొప్పున పేర్పించింది. పొట్టి మనిషి, నెత్తిన కొంగు కప్పుకొని ఎండలో నిలబడి ఒక్కొక్క బస్తా తనే లెక్కపెట్టింది. అప్పుడు స్వరూప వైపు తిరిగి, లోపలికి చెయ్యి చూపించింది.

ఆ లోపల ఇంకా బండలు పరచలేదు. స్వరూప సిమెంటు నేల మీద, సరిగ్గా రెండో దూలం నడిమి కింద కూర్చుంది. అక్కడే ఎందుకంటే, వంగితే అక్కడే వంగుతుంది, తెగితే అక్కడే తెగుతుంది. ఆ సంగతి అక్కడున్న వాళ్ళలో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. టిఫిన్ డబ్బా మూత తీసింది. అన్నం, పప్పుచారు, మామిడికాయ ముక్క. బడి గోడ అవతల నుంచి పిల్లలు ఎగిరెగిరి చూస్తున్నారు. తల పైకెత్తకూడదని అనుకుంది, ఎత్తింది. కోసి చూసింది, గుచ్చి చూసింది, అంకె పన్నెండని తెలుసు. అయినా భయం వేసింది. తను పాస్ పెట్టిన చెక్క కింద కూర్చోవడం ఆమెకు ఇదే మొదటిసారి.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నీళ్ళు తాగి మింగింది.

రెండో ముద్ద కలుపుతుండగా ఎదురుగా ఎవరో కూర్చున్న చప్పుడైంది. రాజమ్మ టీచర్. చేతిలో ఆమె డబ్బా. మూత తీసి, పెరుగన్నం కలుపుకొని తినడం మొదలుపెట్టింది. రెండు ముద్దలు తిన్నాక ద్వారం వైపు తల తిప్పింది. అక్కడ కారు నీడలో యుగంధర్ ఫోను చూసుకుంటూ నిలబడి ఉన్నాడు.

"నువ్వు గూడ రా నాయనా" అంది టీచర్. "రెండు దినాలు ముందే తీయించింది నువ్వే గద."

యుగంధర్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. చెప్పులు విప్పి, లోపలికొచ్చి, ఇస్త్రీ ప్యాంటుతోనే దుమ్ము నేల మీద స్వరూప పక్కన కూర్చున్నాడు. అతను డబ్బా తెచ్చుకోలేదు. స్వరూప తన డబ్బా మూతలోకి సగం అన్నం తీసి, మామిడికాయ ముక్క పెట్టి, అతని ముందుకు జరిపింది. ముగ్గురూ తినడం అయ్యేదాకా ఎవరూ పైకి చూడలేదు.